కర్ఫ్యూలో సగం జీతం ఇవ్వచ్చా? రోజుకో జీవో వస్తుంటే ఏది పట్టుకోవాలి?

ఇది 2021 జూన్ 29 నాటి జవాబు, ఇందులోని రూల్స్, గడువులు ఆ రోజు లెక్కవే. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తిరుపతిలో లాడ్జి ఉంది, 19 మంది పనివాళ్లు. రేణిగుంట దగ్గర ప్యాకింగ్ యూనిట్‌లో 34 మంది, తమిళనాడులోని వేలూరు బ్రాంచిలో నలుగురు. 2021 మే 5 నుంచి కరోనా కర్ఫ్యూ వల్ల పని సగమైంది కాబట్టి సగం జీతం ఇవ్వచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఏడాదిన్నరగా రూల్స్ మారుతూనే ఉన్నాయి, ఏది అమల్లో ఉందో తెలుసుకునేదెలా అన్నది రెండోది. 12 గంటల షిఫ్టులు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారని కూడా రాశారు.

ముందు జవాబు. మీ అంతట మీరే సగానికి కోయకూడదు. పనివాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని తగ్గించుకోవచ్చు, అదీ పనిచేసిన రోజుకు కనీస వేతనం తగ్గకుండా. 12 గంటల షిఫ్టు మాట మర్చిపోండి. రూల్స్ సంగతికొస్తే, మారుతున్నవి ఎక్కువగా తెరిచే వేళలు, మూసే వేళలే. జీతం, తొలగింపు, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) చట్టాలు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే సగం గందరగోళం.

కర్ఫ్యూ, మాస్కులు, షాపు వేళల ఉత్తర్వులు ఎక్కువగా వచ్చేది వైద్య ఆరోగ్య శాఖ నుంచి, 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. కేంద్ర హోం శాఖవి 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద వస్తాయి. ఇవి వారానికో పది రోజులకో మారతాయి, ముగిసే తేదీ వాటిలోనే ఉంటుంది. వీటిలో జీతాల ఊసు దాదాపు ఉండదు. "మధ్యాహ్నం 12కి మూసేయాలి" అని ఉంటే దానర్థం షట్టర్ దించమనే, జీతం కోయమని కాదు.

ఒక్కసారి మాత్రం హోం శాఖ నేరుగా జీతాల్లోకి వచ్చింది. 2020 మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వులో, మూతపడిన కాలానికి కూడా కోత లేకుండా జీతం ఇవ్వాలని చెప్పింది. దాన్ని 2020 మే 17న ఇచ్చిన ఉత్తర్వుతో, మే 18 నుంచి అమల్లో లేకుండా చేసింది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 నుంచి మే 17 దాకా లెక్కేస్తే 54 రోజులు. ఈ 54 రోజుల జీతం గురించే ఫైకస్ పాక్స్ అనే కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 జూన్ 12న కోర్టు, యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని, ఇరువైపులా కూర్చుని మాట్లాడుకోవాలని, కుదరకపోతే కార్మిక శాఖ దగ్గరికి వెళ్లాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి 2021 కర్ఫ్యూకు "పూర్తి జీతం ఇచ్చితీరాలి" అనే ఉత్తర్వు ఏదీ లేదు. అలాగని "ఇవ్వనక్కర్లేదు" అనే ఉత్తర్వూ లేదు. పాత చట్టాలే మాట్లాడతాయి.

లాడ్జి విషయం. కర్ఫ్యూ సడలింపు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకే ఉన్న రోజుల్లో రూమ్ బాయ్‌లు, వంటవాళ్లు ఆరు గంటలే పనిచేశారని సగం రోజు వేస్తున్నారు చాలామంది. కనీస వేతనాల చట్టంలో 15వ సెక్షన్ ఒకసారి చూడండి. రోజువారీగా కనీస వేతనం నిర్ణయించిన పనిలో, మనిషి పనికి వచ్చి, యజమాని పని చూపించలేక తక్కువ గంటలు చేస్తే, పూర్తి రోజు చేసినట్టే లెక్క. అతనే చేయనని వెళ్లిపోతే వేరే సంగతి. కర్ఫ్యూ యజమాని తప్పు కాదు కదా అని వాదించచ్చు. కానీ అది క్లెయిమ్ పడ్డాక అధికారి ముందు చేసే వాదన, ముందే పేస్లిప్‌లో వేసుకునే కోత కాదు. పైగా కర్ఫ్యూ వల్ల కాక యాత్రికులు రాక గదులు ఖాళీగా ఉన్న రోజులు కూడా మీ లెక్కలో కలిసిపోయి ఉంటాయి. గిరాకీ లేకపోవడం వ్యాపార నష్టం కిందికే వస్తుంది, అది పనివాడి జీతంలోంచి పోదు.

మనిషి అసలు రాని రోజుకు జీతం కోయచ్చు. వేతన చెల్లింపు చట్టం 9వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది, రాని రోజుల నిష్పత్తిలో మాత్రమే. "రావద్దు" అని మీరే చెప్పిన రోజును "రాలేదు" అని మస్టర్‌లో (హాజరు పట్టీలో) రాస్తే మాత్రం చిక్కు. మేనేజర్ వాట్సాప్ గ్రూపులో "రేపు ఎవరూ రావద్దు" అని పెట్టిన మెసేజ్ పనివాడి ఫోన్‌లో భద్రంగా ఉంటుంది.

యూనిట్ విషయం, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పారిశ్రామిక వివాదాల చట్టం 25-సి ప్రకారం లేఆఫ్ చేస్తే, అంటే పని లేక తాత్కాలికంగా కూర్చోబెడితే, మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి అందులో 50% పరిహారం ఇవ్వాలి. ఇది అంతకుముందు నెలలో రోజుకు సగటున 50 మంది లేదా ఆపైన ఉన్న ఫ్యాక్టరీలకు, ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాళ్లకు. సీజన్‌లో మాత్రమే నడిచే యూనిట్లకు వర్తించదు. తోతాపురి మామిడి పండే రెండు నెలలు మాత్రమే నడిచే పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు ఈ మినహాయింపు కోసమే గొడవపడుతుంటారు. మీ 34 మంది 50 లోపు. లాడ్జి వాళ్లను ఇందులో కలపరు, ఎందుకంటే లేఆఫ్ అధ్యాయంలో ఫ్యాక్టరీ, గని, తోటలకే లెక్క.

"50 లోపు కాబట్టి ఆ సగం కూడా ఇవ్వనక్కర్లేదు" అని మీ అకౌంటెంట్ అన్నాడని రాశారు. నిజానికి ఇది తలకిందులు. లేఆఫ్ చేసే హక్కు యజమానికి పుట్టుకతో ఉండదు. చట్టంలోనో, స్టాండింగ్ ఆర్డర్లలోనో (సంస్థకు ఆమోదం పొందిన పని నియమాలు), నియామక ఒప్పందంలోనో ఉండాలి. ఏదీ లేకపోతే కూర్చోబెట్టిన కాలానికి పూర్తి జీతం అడిగే హక్కు పనివాడిదే. ఫైర్‌స్టోన్ టైర్ కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అంటే పెద్ద ఫ్యాక్టరీ సగంతో బయటపడుతుంది, చిన్న యూనిట్ మొత్తం కట్టాల్సి రావచ్చు. మీరు ఇచ్చే అపాయింట్‌మెంట్ లెటర్‌లో లేఆఫ్ క్లాజు ఉందో లేదో ఈరోజే తీసి చూడండి. అసలు లెటరే ఇవ్వకపోతే, ఒప్పందం తప్ప దారి లేదు.

ఒప్పందం ఎలా ఉండాలి? తెలుగులో రాయండి. తమిళం మాత్రమే చదివేవాళ్లుంటే తమిళంలో ఇంకో ప్రతి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా ఉండాలి. "కరోనా తగ్గేదాకా" అని రాస్తే అది ముగింపు లేని ఒప్పందం, నిలబడటం కష్టం. ఏ కేటగిరీకి ఎంత తగ్గింపో రూపాయల్లో రాయండి, శాతం ఒక్కటే కాదు. కొన్ని రోజులను ఎర్న్‌డ్ లీవ్‌లో సర్దుతుంటే ఎన్ని రోజులో రాయండి, ఆ రోజులకు పూర్తి జీతం పడుతుంది. పనిచేసిన రోజుకు కనీస వేతనం తగ్గదని ఒక వాక్యం ఉండాలి. అది లేకపోయినా చట్టం అదే చెబుతుంది, ఎందుకంటే కనీస వేతనం వదులుకునే ఒప్పందం చెల్లదు. చివర ఒక్కొక్కరి సంతకం, ఇద్దరు సాక్షులు, ఒక కాపీ వాళ్ల చేతికి. యూనియన్ లేకపోతే వాళ్లలోంచి ముగ్గురు నలుగురిని ఎన్నుకోమని చెప్పి, ఆ తీర్మానం మీద అందరి సంతకాలూ తీసుకోండి.

ఇరువైపులా మాట్లాడుకుని చేసిన ఒప్పందం సంతకం పెట్టినవాళ్లనే కట్టిపడేస్తుంది. చిత్తూరు కార్మిక శాఖ అధికారి ఎదుట రాజీ ప్రక్రియలో చేసుకుంటే ఆ యూనిట్‌లో అందరికీ, తర్వాత చేరేవాళ్లకు కూడా వర్తిస్తుంది. 34 మందిలో ఇద్దరు ముగ్గురు మొండికేస్తున్నారంటే రెండో దారే మేలు. ఒప్పందం లేకుండా జీతంలోనో పని గంటల్లోనో నష్టం కలిగేలా మార్పు తేవాలంటే పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఏ కింద 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒప్పందం ఉంటే ఆ నోటీసు అక్కర్లేదు. "నోటితో అందరూ సరే అన్నారు" అనేదానికి విలువ లేదు. వేతన చెల్లింపు చట్టం కింద 12 నెలల్లోపు, కనీస వేతనాల చట్టం కింద 6 నెలల్లోపు క్లెయిమ్ వేయచ్చు. రెండోదాంట్లో తక్కువ పడిన మొత్తానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం ఉంది.

ఇక మస్టర్, ఈసీఆర్ (నెలనెలా పీఎఫ్‌కు దాఖలు చేసే పట్టిక) దగ్గర జరిగే తప్పు. ఒప్పందం ప్రకారం నెలంతా రోల్స్‌లో ఉంచి సగం జీతం ఇచ్చారనుకోండి. క్లర్క్ ఏం చేస్తాడంటే, 15 రోజుల జీతం కదా అని పీఎఫ్ ఈసీఆర్‌లో ఎన్‌సీపీ రోజులు 15 అని, ఈఎస్ఐలో పని రోజులు 15 అని కొడతాడు. ఇది తప్పు. ఎన్‌సీపీ అంటే జీతమే లేని రోజులు. తక్కువ జీతమైనా నెలంతటికీ ఇచ్చారు కాబట్టి ఎన్‌సీపీ సున్నా. లేకపోతే పనివాడి పెన్షన్ సర్వీసులో రోజులు పోతాయి.

ఈఎస్ఐలో దెబ్బ ఇంకా త్వరగా తెలుస్తుంది. సిక్‌నెస్ బెనిఫిట్, అంటే జీతంలో 70% ఏడాదికి 91 రోజుల దాకా, రావాలంటే ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో, అంటే వాటా కట్టే కాలంలో, 78 రోజులు ఉండాలి. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టిన రోజులే 2021 జనవరి నుంచి జూన్ దాకా బెనిఫిట్‌కు లెక్క. తిరుమల దర్శనాలు 2020 మార్చి 20న ఆగి జూన్ 11 నుంచి గానీ భక్తులకు మళ్లీ మొదలవలేదు. జూలై, ఆగస్టుల్లో తిరుపతి ఊరికే విడిగా ఆంక్షలు వచ్చాయి. ఆ నెలల్లో లాడ్జి వాళ్లకు సున్నా రోజులు వేసిన చోట, 2021 మే నెలలో కోవిడ్ వచ్చి పడుకున్న మనిషికి 78 రోజులు లేక క్లెయిమ్ పోతుంది. మీరు జీతం ఇచ్చి కూడా రోజులు తక్కువ చూపి ఉంటే, ఈఎస్ఐ ఆఫీసుకు వేజ్ రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లి సవరించుకోండి. 2020 అక్టోబర్ నుంచి 2021 మార్చి దాకా కట్టినవి 2021 జూలై నుంచి డిసెంబర్ దాకా లెక్క, కాబట్టి వాటినీ ఇప్పుడే సరిచూసుకోండి.

పాత లెక్కల్లో ఇంకో చెక్. 2020 మే, జూన్, జూలై మూడు నెలలకే పీఎఫ్ రేటు 12 నుంచి 10%కి తగ్గించారు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో 10 అని పెట్టి ఆగస్టులో తిరిగి 12 చేయని యూనిట్లు ఉన్నాయి. ఏడాది తర్వాత నోటీసు వస్తే ఆ తేడాతో పాటు పీఎఫ్ చట్టం 7-క్యూ కింద 12% వడ్డీ, 14-బీ కింద డ్యామేజీలు కట్టాలి. డ్యామేజీలు 2021లో ఆలస్యాన్ని బట్టి ఏడాదికి 5 నుంచి 25% దాకా ఉండేవి. లాక్‌డౌన్ వల్ల ఆలస్యమైతే డ్యామేజీలు వేయబోమని పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ 2020 మేలో చెప్పింది గానీ వడ్డీ మాఫీ చేయలేదు. పనివాడి వాటా పట్టుకుని 15వ తేదీలోగా కట్టకపోతే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు కూడా చూపుకోలేరు, 2021 బడ్జెట్ దాన్ని ఖరారు చేసింది.

12 గంటల షిఫ్టు. 2020లో గుజరాత్, ఉత్తరప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు పని గంటలు పెంచుతూ నోటిఫికేషన్లు ఇచ్చాయి. ఉత్తరప్రదేశ్ వారంలో, కర్ణాటక మూడు వారాల్లో వెనక్కి తీసుకున్నాయి. గుజరాత్‌ది రెట్టింపు ఓవర్‌టైమ్ కూడా ఎత్తేసేది. 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఫ్యాక్టరీల చట్టం 5వ సెక్షన్‌లోని "పబ్లిక్ ఎమర్జెన్సీ" అంటే యుద్ధం, విదేశీ దాడి, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు అని, మహమ్మారి ఆ కోవలోకి రాదని చెప్పి, ఆ కాలానికి ఓవర్‌టైమ్ మొత్తం కట్టమంది. మీకు వర్తించేవి పాత లెక్కలే: రోజుకు 9 గంటలు, వారానికి 48, విరామాలతో కలిపి 10.30 గంటల లోపు, దాటితే రెట్టింపు. ఈ పాత చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు 2021 ఏప్రిల్ 1 నుంచి వస్తాయని పేపర్లలో చదివి ఉంటారు. పార్లమెంటు పాస్ చేసింది నిజమే, 2021 జూన్ 29 నాటికి మాత్రం అమల్లోకి రాలేదు (వచ్చింది 2025 నవంబర్ 21న). కోడ్‌ల ప్రకారం జీతం స్ట్రక్చర్ మార్చుకోండని ఎవరైనా ఫీజు అడుగుతుంటే ఆగమనండి.

మనిషిని తీసేయాలనుకుంటే 50 మంది లెక్క ఇక్కడ లేదు. 12 నెలల్లో 240 రోజులు చేసినవాడికి పారిశ్రామిక వివాదాల చట్టం 25-ఎఫ్ కింద నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, తీసేసే రోజే చేతిలో పడాలి. తర్వాత ఇస్తామంటే ఆ తొలగింపే చెల్లదు. ఆ విభాగంలో చివర చేరినవాడు ముందు వెళ్లాలి, మళ్లీ ఖాళీ వస్తే వెళ్లినవాళ్లనే ముందు పిలవాలి. లాడ్జికి మన రాష్ట్ర షాపుల చట్టం, 1988 కూడా వర్తిస్తుంది, ఆరు నెలలు దాటిన ఉద్యోగికి సరైన కారణం లేకుండా నెల నోటీసు ఇవ్వకుండా తీయకూడదు. గ్రాట్యుటీ వేరే. నెలకు 12,000 తీసుకునే వంటమనిషికి ఆరేళ్లయితే 12,000ను 15తో గుణించి 26తో భాగించి 6తో గుణించండి, 41,538 రూపాయలు. ఖాళీ స్టాంపు కాగితం మీద రాజీనామా సంతకం తీసుకుని ఇవన్నీ తప్పించుకోవచ్చనుకోవద్దు. ఒకే వారంలో ఒకే చేతిరాతతో ఎనిమిది రాజీనామాలు ఉంటే వాటిని ఏ అధికారీ నమ్మడు.

ఇక రెండో ప్రశ్న. సోమవారం పొద్దున అరగంట చాలు. రాష్ట్ర జీవోల వెబ్‌సైట్, కార్మిక శాఖ, ఈపీఎఫ్ఓ, ఈఎస్ఐసీ సర్క్యులర్ల పేజీలు, జిల్లా కలెక్టర్ ప్రకటనలు, ఈ ఐదే. ఒక షీట్‌లో వరసగా: జీవో నంబరు, తేదీ, ఏ శాఖ, ఏ చట్టం కింద, ఏ జిల్లాలకు, ఎప్పటిదాకా, మేం ఏం మార్చాం, ఎవరికి చెప్పాం. చివరి రెండు కాలాలు ఖాళీగా ఉంచేవాళ్లే ఎక్కువ. తనిఖీలో అడిగేది అవే.

వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ నమ్మే ముందు మూడు చూడండి. మొదటిది, పైన ఏ ప్రభుత్వం అని ఉంది. తెలంగాణ జీవోలూ మనవీ ఒకే అచ్చు, ఒకే ఇంగ్లీషు. హైదరాబాద్ చానళ్లు "రాష్ట్రంలో లాక్‌డౌన్ ఎత్తివేత" అంటే అది తెలంగాణ రాష్ట్రం. 2021 జూన్ 20న అక్కడ ఎత్తేస్తే ఇక్కడ కూడా ఎత్తేశారనుకుని షట్టర్లు తీసినవాళ్లున్నారు. రెండోది, సంవత్సరం. 2020 ఉత్తర్వులు మళ్లీ తిరుగుతున్నాయి. మూడోది, అది ఉత్తర్వా, ప్రకటనా. ఉదాహరణకు ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన. 2020 అక్టోబర్ నుంచి కొత్తగా చేర్చుకున్న, 15,000 లోపు జీతగాళ్ల పీఎఫ్ వాటాలను రెండేళ్లపాటు కేంద్రం కట్టే పథకం అది. వెయ్యి మంది లోపు సంస్థలకైతే రెండు వాటాలూ. దాని గడువు 2021 జూన్ 30తో ముగియాలి, 2022 మార్చి 31 దాకా పొడిగిస్తామని ఆర్థిక మంత్రి జూన్ 28న చెప్పారు. చెప్పడం వేరు, నోటిఫికేషన్ వేరు. చేర్చుకోవాల్సిన మనుషులుంటే ఆ జూన్ 30లోగానే నమోదు చేయండి. 2020 సెప్టెంబర్ ఈసీఆర్‌లో మీ సంఖ్య 50 దాటి ఉంటే కనీసం ఐదుగురిని, 50 లోపైతే ఇద్దరిని అదనంగా చేర్చాలి. ఆ నెలలో కరోనా దెబ్బకు మీ సంఖ్య తగ్గి ఉంటే ఇప్పుడది మీకు కలిసొస్తుంది.

జిల్లా చూడటం కూడా మర్చిపోవద్దు. 2021 జూలై 1 నుంచి ఎనిమిది జిల్లాల్లో రాత్రి 9 దాకా సడలింపు, మన చిత్తూరుతో కలిపి (తిరుపతి 2022 దాకా ఈ జిల్లాలోనే ఉంది) ఐదు జిల్లాల్లో సాయంత్రం 6 దాకే అని జూన్ 28 నాటి నిర్ణయం. అంటే నాయుడుపేటలో మీ స్నేహితుడి యూనిట్ అప్పటి నెల్లూరు జిల్లా లెక్కన రాత్రి 9 దాకా నడుస్తుంది, మీ రేణిగుంట యూనిట్ నడవదు. అతని షిఫ్టు చార్టు కాపీ కొట్టకండి.

వేలూరు నలుగురు. మనిషి ఎక్కడ పనిచేస్తే ఆ రాష్ట్ర చట్టం. హెడ్డాఫీసు తిరుపతిలో ఉందని ఆంధ్ర కనీస వేతనం, ఆంధ్ర సెలవులు అక్కడ వర్తించవు. మన దగ్గర వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న రెండుసార్లు మారుతుంది, తమిళనాడులో ఏడాదికి ఒకసారి ఏప్రిల్‌లో. వృత్తి పన్ను మన దగ్గర 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200. అక్కడ ఆరు నెలలకోసారి స్థానిక సంస్థకు కట్టాలి. లాక్‌డౌన్ ఆంక్షలకు తమిళనాడు 2021 జూన్‌లో జిల్లాలను మూడు రకాలుగా విడగొట్టింది, వేలూరు ఏ రకంలో ఉందో ప్రతి పొడిగింపులోనూ చూడాలి. ఇంకొకటి, తమిళనాడులో 24 నెలల్లో 480 రోజులు పనిచేసినవాడిని పర్మనెంట్ చేయాలనే చట్టం 1981 నుంచి ఉంది. పీఎఫ్ మాత్రం కేంద్రానిది, బ్రాంచిలన్నీ కలిపే లెక్క.

వెంటనే చేయాల్సింది ఆధార్. ఆధార్ అనుసంధానం లేని యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యుడి నంబరుకు) ఈసీఆర్ దాఖలు కాదని ఈపీఎఫ్ఓ 2021 జూన్ 1 నుంచి పెట్టి, తర్వాత సెప్టెంబర్ 1కి వాయిదా వేసింది. రెండు నెలలుంది కదా అని కూర్చోవద్దు. ఆగిపోయేది పేర్ల దగ్గర. పీఎఫ్‌లో "ఎం మునెయ్య", ఆధార్‌లో "మేకల మునెయ్య". పీఎఫ్‌లో పుట్టినతేదీ జనవరి 1, ఆధార్‌లో జూలై 1. ముందు యజమాని లాగిన్‌లో ఎవరెవరికి లింక్ కాలేదో జాబితా తీయండి. చిన్న తేడాలైతే సభ్యుడు తన లాగిన్‌లో సవరణ పెడితే మీరు ఆమోదిస్తే సరిపోతుంది. పెద్ద తేడాలకు జాయింట్ డిక్లరేషన్ (సభ్యుడు, యజమాని కలిసి ఇచ్చే ప్రకటన), ఆధారాలు. ఆధార్‌లోనే తప్పుంటే మీసేవ, ఆధార్ కేంద్రాల క్యూలు, ఫోన్ నంబరు లింక్ లేక ఓటీపీ రాకపోవడం. ఒక్కో మనిషికి నాలుగు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

వాళ్లను కూర్చోబెట్టినప్పుడే ఈ-నామినేషన్ (వారసుల పేర్ల నమోదు) కూడా చేయించేయండి. పీఎఫ్ సభ్యులకు ఉండే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠం 2021 ఏప్రిల్‌లో 7 లక్షలైంది, 12 నెలల సర్వీసు ఉంటే కనిష్ఠం 2.5 లక్షలు. ఈఎస్ఐ ఉన్న మనిషి కోవిడ్‌తో పోతే, జబ్బు తేలడానికి మూడు నెలల ముందే పోర్టల్‌లో నమోదై, ఏడాదిలో 70 రోజుల కాంట్రిబ్యూషన్ ఉంటే, కుటుంబానికి సగటు వేతనంలో 90% నెలనెలా వచ్చే పథకం 2021లో ఉంది. అందుకే కొత్తగా చేరినవాడిని చేరిన రోజే నమోదు చేయాలి, నెలాఖరుకు అందరినీ కలిపి కాదు.

టీకా వేసుకోనివాళ్లను రావద్దనచ్చా అని చివర్లో అడిగారు. బలవంతం చేసే చట్టం లేదు. బతుకుదెరువుకు అడ్డంపడేలా టీకాను తప్పనిసరి చేయడం చెల్లదని మేఘాలయ హైకోర్టు 2021 జూన్ 23న చెప్పింది. జీతంతో ఒక రోజు సెలవిచ్చి పంపండి, అంతకంటే బాగా పనిచేసేది లేదు. 2021 జూన్ రూల్ ప్రకారం కోవిషీల్డ్ రెండో డోసుకు 84 రోజులు ఆగాలి, ఆ తేదీ మస్టర్ పక్కనే రాసుకోండి.

జూన్ జీతాలు జూలై 7లోగా పడాలి. ఒప్పందం అంతకుముందే కుదిరితే సంతకాల కింద ఏ రోజు పెట్టారో ఆ తేదీయే వేయండి. మే 5 నుంచి వర్తించాలంటే ఆ మాట లోపల రాయండి, తేదీ మాత్రం వెనక్కి వేయకండి. స్టాంపు పేపరు కొన్న తేదీ దాని మీదే ఉంటుంది.